కదలకూడదు, నొక్కకూడదు

ఈ చలికాలంలో స్కీయింగ్‌కని కశ్మీరులోని గుల్మార్గ్‌కో, ఉత్తరాఖండ్‌లోని ఔలీకో బయలుదేరేవాళ్లు మీ ఇంట్లో ఉండొచ్చు. కొలరాడోలోనో స్విట్జర్లాండ్‌లోనో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే చాలు మంచు కొండల మీదికి వెళ్లే అబ్బాయో అమ్మాయో ఉండొచ్చు. ఇవాళ నా మాటలు వాళ్ల కోసం. అందులోనూ నేర్చుకునే దశ దాటినవాళ్ల కోసం. పడకుండా మలుపు తిప్పడం వచ్చింది. ఆగడం వచ్చింది. ఇక పెద్ద వాలు మీదికి వెళ్లాలని ఉబలాటపడుతున్నారు. అదిగో, వాళ్ల కోసం.

గుల్మార్గ్ సంగతే తీసుకుందాం. ఊరు దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ తీగల మీద నడిచే గొండోలా ఎక్కితే మొదట కొంగ్‌డూరి వస్తుంది. అది 3,080 మీటర్లు. అక్కడ బండి మారి ఇంకా పైకి వెళితే అఫర్వత్ శిఖరం పక్కకి చేరతారు. అది 3,950 మీటర్లకు దగ్గర. కింద ఊళ్లోని మెత్తటి వాలు మీద పడితే మంచు దులుపుకుని లేస్తాం. పైన అలా కాదు. అక్కడ వేగం ఎక్కువ. మంచు కింద రాళ్లుంటాయి. దిగువకు వస్తే దేవదారు చెట్లుంటాయి. అందుకే అక్కడికి వెళ్లేవాళ్లు హెల్మెట్ కొంటారు, కళ్లద్దాలు కొంటారు, వీపుకి కవచం కొంటారు. మంచిదే. ఖరీదైనవే కొంటారు. అదీ మంచిదే. కాని అవి ఒంటికి సరిపోయాయా అని చూసుకునేవాళ్లు తక్కువ.

నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. రక్షణ సామాను ఒంటి మీద కదలకూడదు. ఒంటిని నొక్కకూడదు. కదలకూడదు, నొక్కకూడదు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా ఆ రెండు మాటల వివరమే.

ముందు హెల్మెట్. మన వీధుల్లో రోజూ కనిపించేదే చూద్దాం. బండి మీద వెళ్లే కుర్రాడు హెల్మెట్ పెట్టుకునే ఉంటాడు. కాని అది అన్నయ్యది. తలకంటే ఒక సైజు పెద్దది. గడ్డం కింద పట్టీ వేలాడుతుంటుంది. గుంతలో బండి ఎగిరితే హెల్మెట్ వెనక్కి జారుతుంది, నుదురంతా బయటపడుతుంది. పోలీసు ఆపితే ఆ హెల్మెట్ పనికొస్తుంది. పడితే మాత్రం, తల నేలకు తగలకముందే అది ఎగిరిపోయి ఎక్కడో పడి ఉంటుంది. మంచు మీద వదులు హెల్మెట్ కథ కూడా అచ్చంగా ఇదే.

మరి కొలత ఎలా? ఇంట్లో కుట్టుపని టేపు ఉంటే చాలు. కనుబొమలకు ఒక వేలు పైన టేపు పెట్టండి. చెవుల పైనుంచి తీసుకెళ్లి, తల వెనక బాగా ఉబ్బుగా ఉన్నచోట చుట్టండి. ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో అదే మీ సైజు. కాని అంకె ఒక్కటే చాలదు. కొందరి తల గుండ్రంగా ఉంటుంది. కొందరిది ముందు నుంచి వెనక్కి పొడుగ్గా ఉంటుంది. ఇద్దరికీ 57 సెంటీమీటర్లే రావొచ్చు. ఒకరికి సరిపోయిన హెల్మెట్ రెండోవారికి కణతల దగ్గర నొక్కుతుంది. అందుకే తలకు పెట్టుకుని చూడాలి.

పెట్టుకున్నాక పట్టీ బిగించకండి. వెనక ఉన్న చక్రం కూడా తిప్పకండి. ముందు తల అటూ ఇటూ ఊపండి. హెల్మెట్ తలతో పాటే కదలాలి. దాన్ని చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పితే, నుదుటి మీద చర్మం కూడా దాని వెంట లాగినట్టు ఉండాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది పెద్దది. పెద్ద హెల్మెట్‌ని చక్రం తిప్పి బిగిస్తే సరిపోతుందిలే అని కొట్టువాళ్లు అనొచ్చు. నమ్మకండి. చక్రం ఉన్నది చివరి కాస్త సర్దుబాటుకే. ఆ తర్వాత పట్టీ బిగించండి. గడ్డానికీ పట్టీకీ మధ్య ఒక వేలు దూరేంత సందు చాలు. ఇక దాన్ని తీయకుండా పది నిమిషాలు కొట్లోనే తిరగండి. ఎక్కడైనా ఒక్క బిందువు దగ్గర నొప్పి మొదలైతే అది వద్దు. కొట్లో పది నిమిషాలకు నొచ్చేది కొండ మీద రెండు గంటల్లో తలనొప్పి అవుతుంది. తలనొప్పి వస్తే మనిషి హెల్మెట్ తీసేస్తాడు. కదలకూడదు, నొక్కకూడదు అన్నది అందుకే.

ఆడపిల్లలకు ఒక మాట. జడ మెడ దగ్గర కిందికి వేసుకోండి. కొప్పు గాని, పైకెత్తి కట్టిన జుట్టు గాని హెల్మెట్‌ని ముందుకు తోస్తుంది. మగవాళ్లకు ఇంకో మాట. లోపల ఉన్ని టోపీ పెట్టుకోకండి. చలి అనిపిస్తే పల్చటి గుడ్డ టోపీ చాలు. మందపాటి టోపీ పెడితే హెల్మెట్ కొలత మారిపోయినట్టే.

బండి హెల్మెట్టే మంచు మీదా పెట్టుకుంటే పోదా అని అడుగుతారు కొందరు. వద్దు. అది బరువు. ఊపిరికి అద్దం మసకబారుతుంది. వెనక నుంచి వచ్చేవాళ్ల చప్పుడు సరిగా వినిపించదు. స్కీ హెల్మెట్‌కి వేరే ప్రమాణం ఉంది. ఐరోపాలో దాని పేరు ఈఎన్ 1077. లోపలి చీటీ మీద ఆ అంకె ఉందో లేదో చూడండి. దాని పక్కనే ‘ఎ’ అని గాని ‘బి’ అని గాని ఉంటుంది. ‘ఎ’ రకం గట్టి పెంకు చెవుల మీదికి కూడా వస్తుంది. తలలో ఎక్కువ భాగాన్ని కాపాడుతుంది. ‘బి’ రకానికి చెవుల దగ్గర మెత్తటి గుడ్డ ఉంటుంది. తేలిక, గాలి ఆడుతుంది. రాళ్ల మధ్యకీ చెట్ల మధ్యకీ వెళ్లేవాళ్లు ‘ఎ’ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఆ ప్రమాణం ప్రకారం పరీక్షించేటప్పుడు హెల్మెట్‌ని దాదాపు మీటరున్నర ఎత్తు నుంచి ఇనుప దిమ్మ మీద పడేస్తారు. కిందికి వచ్చేసరికి దాని వేగం గంటకు 20 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. బాగా స్కీయింగ్ వచ్చినవాళ్లు గంటకు 40, 50 కిలోమీటర్ల వేగంతో దిగుతారు. వేగం రెండింతలైతే దెబ్బలో ఉండే శక్తి నాలుగింతలవుతుంది. రెండింతలు కాదు, నాలుగింతలు. అంటే హెల్మెట్ ఉంది కదా అని వేగం పెంచితే, అది ఇవ్వగల కాపుదల మనమే పోగొట్టుకుంటున్నాం.

మైకేల్ షూమాకర్ పేరు మీరు వినే ఉంటారు. ఫార్ములా వన్ కారు పందేల్లో ఏడుసార్లు ప్రపంచ విజేత. స్కీయింగ్ బాగా వచ్చినవాడు. 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో, చదును చేసిన రెండు దారుల మధ్య ఉన్న చోటికి వెళ్లి పడ్డాడు. తల బండకు తగిలింది. అప్పుడు హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. హెల్మెట్ లేకపోతే ఆసుపత్రి దాకా వచ్చేవాడే కాదని వైద్యులు అన్నారు. ఆ మాటా నిజమే. హెల్మెట్ ఉన్నా మెదడుకు తీవ్రమైన గాయమైంది. అదీ నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపి మనసులో ఉంచుకోవాలి.

హెల్మెట్ లోపల తెల్లటి నురగ పదార్థం ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోయి, దెబ్బ శక్తిని తను తీసుకుంటుంది. ఒకసారి నలిగింది మళ్లీ మామూలు కాదు. పైన పెంకు చెక్కుచెదరకపోయినా లోపల నురగ నలిగి ఉండొచ్చు. కాబట్టి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ ఇక పెట్టుకోకండి. ఇంకొకరు వాడినది కొనకండి. దానికి ఎన్ని దెబ్బలు తగిలాయో మీకు తెలియదు.

కళ్లద్దాలు, అంటే గాగుల్స్, హెల్మెట్‌తో కలిపే చూడాలి. కొట్టుకు హెల్మెట్ పట్టుకెళ్లండి. రెండూ కలిపి పెట్టుకోండి. హెల్మెట్ అంచుకీ గాగుల్స్‌కీ మధ్య నుదురు కనిపించకూడదు. ఆ సందులోంచి చల్లగాలి దూరితే నుదురు మొద్దుబారిపోతుంది. అలాగని హెల్మెట్ గాగుల్స్‌ని ముక్కు మీదికి నొక్కనూ కూడదు. అలా నొక్కితే ఊపిరి ఆడదు, అద్దం మసకబారుతుంది. మళ్లీ అదే మాట. కదలకూడదు, నొక్కకూడదు. చూపు కోసం అద్దాలు పెట్టుకునేవాళ్లు, లోపల ఆ అద్దాలు పట్టే గాగుల్స్ అడగండి. ఉంటాయి.

గాగుల్స్ షోకు కోసం కాదండీ. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాల బలం దాదాపు నూటికి పది వంతులు పెరుగుతుంది. కొత్తగా పడిన మంచు ఆ కిరణాల్లో నూటికి ఎనభై దాకా తిప్పి మొహం మీదికే కొడుతుంది. రక్షణ లేకపోతే సాయంత్రానికి కళ్లు ఎర్రబడి, ఇసుక పడ్డట్టు మండుతాయి. ఎండ రోజుకు ముదురు అద్దం కావాలి. మబ్బు రోజుకు లేత రంగు అద్దం కావాలి. మబ్బు రోజున ముదురు అద్దంతో దిగితే ముందున్న గుంత కనిపించదు. తడిసిన గాగుల్స్‌ని లోపలివైపు గుడ్డతో తుడవకండి. మసక పట్టకుండా వేసిన పూత పోతుంది.

ఇప్పుడు బూట్ల దగ్గరికి వద్దాం. ఎక్కువమంది బూటుని రక్షణ సామానులో లెక్కపెట్టరు. నన్నడిగితే అన్నిటికంటే ముందు కొనాల్సింది బూట్లే. కాలు చెప్పినట్టు స్కీ వినాలంటే మధ్యలో ఉన్న బూటు కదలకూడదు. బూట్లో కాలు కదిలితే, మలుపు తిప్పాలనుకున్న క్షణానికి స్కీ తిరగదు. ఆలస్యంగా తిరుగుతుంది. చెట్టు ముందుండగా ఆ ఆలస్యం చాలు.

స్కీ బూటు మామూలు బూటులా ఉండదు. బయట గట్టి ప్లాస్టిక్ పెంకు. లోపల మెత్తటి తొడుగు. ఆ తొడుగు బయటికి తీసేయొచ్చు. కొలిచేటప్పుడు తీసేయాలి కూడా. ఖాళీ పెంకులో కాలు పెట్టండి. కాలివేళ్లు ముందు గోడకు తగిలేదాకా జరపండి. ఇప్పుడు మడమ వెనక ఎంత ఖాళీ ఉందో మీ పక్కనున్నవాళ్లని వేళ్లు పెట్టి చూడమనండి. ఒక వేలు, ఒకటిన్నర వేలు దూరితే బాగా స్కీయింగ్ వచ్చినవాళ్లకు సరైన కొలత. రెండు వేళ్లు దూరితే వదులు కిందే లెక్క. రెండు దాటితే ఆ బూటు పక్కన పెట్టేయండి.

తర్వాత తొడుగు పెట్టి, పల్చటి మేజోడు ఒకటి వేసుకుని, బూటు తొడుక్కోండి. మడమతో నేలను గట్టిగా తట్టండి. మడమ లోపల కూర్చుంటుంది. అప్పుడు బకిల్స్ పెట్టండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తొడుగుకి తగులుతూ ఉంటాయి. ఇది చిన్నదేమో అనిపిస్తుంది. కంగారుపడకండి. మోకాళ్లు వంచి, పిక్క ముందున్న ఎముకతో బూటు నాలుకని ముందుకు తోయండి. వేళ్లు కాస్త వెనక్కి వస్తాయి. హాయిగా ఉంటుంది. స్కీ మీద ఉండేది ఆ భంగిమే. కాబట్టి ఆ భంగిమలో ఎలా ఉందో చూసి తేల్చుకోండి. అలా వంగినప్పుడు మడమ పైకి లేవకూడదు. లేచిందా, అది మీ బూటు కాదు.

చిన్నప్పటి నుంచి ఉత్త కాళ్లతోనో చెప్పులతోనో తిరిగిన మనలో చాలామందికి పాదం ముందు భాగం వెడల్పు. స్కీ బూటు వెడల్పు మిల్లీమీటర్లలో చెబుతారు. 98 అంటే ఇరుకు. 100 నడిమి రకం. 102 అంటే వెడల్పు. పాదం వెడల్పుగా ఉన్నవాళ్లు ఇరుకు బూటు నొక్కుతోందని ఒక సైజు పొడుగున్నది తీసుకుంటారు. అప్పుడు వేళ్లకు హాయి. మడమకు చోటెక్కువ. కాలు లోపల జారుతూనే ఉంటుంది. పొడుగు పెంచకండి. వెడల్పు ఉన్న రకం అడగండి. అప్పటికీ ఒకచోట నొక్కుతుంటే, బూట్లు సరిచేసే పనివాడు పెంకుని వేడిచేసి ఆ చోట కాస్త వెలుపలికి సాగదీస్తాడు. చలని చెప్పి రెండు మేజోళ్లు వేసుకోకండి. మేజోళ్లు ముడతలుపడి కాలిని కోస్తాయి. రక్తం సరిగా ఆడక కాలు ఇంకా చల్లబడుతుంది. లోపల వేసుకున్న ప్యాంటు అంచు కూడా బూట్లో దూర్చకండి. బూట్లో కాలు, మేజోడు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఇంతవరకూ కదలకూడదు, నొక్కకూడదు అన్నాం. బైండింగ్ దగ్గర సంగతి వేరు. బైండింగ్ అంటే బూటుని స్కీకి పట్టి ఉంచేది. అది పట్టుకోవాల్సినప్పుడు పట్టుకోవాలి. వదలాల్సినప్పుడు వదలాలి. పడినప్పుడు స్కీ ఒకవైపు, ఒళ్లు ఒకవైపు తిరిగితే, కాలు మెలితిరిగి ఎముక విరగకముందే బైండింగ్ బూటుని వదిలేయాలి. ముందు భాగం పక్కకి మెలిపడితే వదులుతుంది. మడమ భాగం ముందుకు బోర్లాపడితే వదులుతుంది. ఎంత బలానికి వదలాలన్నది దాని మీదున్న చిన్న అంకె చెబుతుంది. ఆ అంకెని మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు దూకుడుగా దిగుతారా నింపాదిగా దిగుతారా, ఇవన్నీ చూసి పట్టిక ప్రకారం నిర్ణయిస్తారు.

దయచేసి అక్కడ నిజం చెప్పండి. బరువు తగ్గించి చెబితే మీరు మలుపులో ఉండగానే స్కీ ఊడిపోవచ్చు. ఎక్కువ చెబితే పడ్డప్పుడు ఊడదు. 50 ఏళ్లు దాటినవాళ్లు వయసు దాచకండి. ఎముకల బలం తగ్గుతుంది కాబట్టి పట్టిక వాళ్లకు అంకె తగ్గిస్తుంది. స్కీయింగ్ బాగా వచ్చిన కుర్రాళ్లలో ఒక అలవాటు ఉంది. స్కీ ఒకటి రెండుసార్లు ఊడగానే స్క్రూడ్రైవర్ తీసి అంకె పెంచేస్తారు. పెద్ద అంకె ఉంటే పెద్ద మొనగాడని లెక్క. ఇది నాకు చాలా బాధ కలిగించే అలవాటు. ఊడిందంటే ముందు బూటు అడుగున మంచు గడ్డకట్టిందేమో చూడాలి. బూటు అడుగు అరిగిందేమో చూడాలి. ఆ బూటూ ఆ బైండింగూ ఒకదానికొకటి సరిపడే రకాలేనా అని అడగాలి. అంకె మార్చడం పరికరాలున్న మెకానిక్ చెయ్యాల్సిన పని.

ఒక సంగతి మాత్రం దాచకూడదు. బైండింగులు మెరుగయ్యాక పిక్క ఎముకలు విరగడం బాగా తగ్గింది. మోకాలిలోని నరాల్లాంటి పట్టీలు, లిగమెంట్లు తెగడాన్ని అవి అంతగా ఆపలేకపోతున్నాయి. వెనక్కి కూర్చున్నట్టు పడుతూ లేవాలని గింజుకుంటే మోకాలు దెబ్బతింటుంది. పడిపోతుంటే పడిపోనివ్వండి. ఆగాక లేవండి.

వీపు కవచం గురించి రెండు ముక్కలు. బండ్ల మీద వెళ్లేవాళ్లు వాడే వీపు కవచానికి ఈఎన్ 1621-2 అనే ప్రమాణం ఉంది. స్కీయింగ్‌లోనూ దాన్నే చూస్తారు. అందులో రెండు స్థాయిలున్నాయి. రెండో స్థాయి కవచం వీపుకు చేరే దెబ్బని ఎక్కువగా తగ్గిస్తుంది. దీన్ని ఒడ్డూపొడుగూ చూసి కొనకూడదు. భుజం నుంచి నడుము దాకా కొలిచి కొనాలి. పొట్టిదైతే నడుము బయటపడుతుంది. పొడుగైతే వంగినప్పుడు మెడకు తగులుతుంది, హెల్మెట్‌ని ముందుకు తోస్తుంది. అందుకే హెల్మెట్ పెట్టుకుని, కవచం తొడుక్కుని, కొట్లోనే వంగి, గొంతుక్కూర్చుని, పక్కలకు తిరిగి చూడండి. కవచం రాతి దెబ్బని తగ్గిస్తుంది. నడుము మెలిపడడాన్ని ఆపదు.

చివరగా, అఫర్వత్ లాంటి చోట ఇంకో ప్రమాదం ఉంది. మంచు చరియలు. 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్ దగ్గర ఖిలన్‌మార్గ్‌లో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు మంచు చరియల కింద చనిపోయారు. వాళ్లు కొండల్లో యుద్ధవిద్య నేర్చుకుంటున్నవాళ్లు. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ వాలు మీద పోలండ్ నుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు పోయారు. 2024 ఫిబ్రవరిలో రష్యా నుంచి వచ్చిన ఒకరు పోయారు. కాబట్టి ముందు స్కీ పాట్రోల్ వాళ్లని, అంటే వాలుల మీద కాపలా తిరిగే బృందాన్ని అడగండి. ఆ రోజు ఏ వాలు తెరిచారు, ఏది మూశారు అని అడగండి. మూసిన వాలు మీదికి వెళ్లకండి.

తెరిచిన దారి హద్దు దాటి వెళ్లేవాళ్లకి మూడు వస్తువులు తప్పనిసరి. ట్రాన్సీవర్, ప్రోబ్, పార. ట్రాన్సీవర్ ఒక చిన్న రేడియో. 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతూ ఉంటుంది. మంచులో కూరుకుపోయినవాళ్ల సంకేతాన్ని పైనున్నవాళ్ల ట్రాన్సీవర్ పట్టుకుంటుంది. ప్రోబ్ రెండున్నర మీటర్ల పొడుగు మడత కర్ర. దాంతో గుచ్చి మనిషి ఎక్కడున్నాడో చూస్తారు. పారతో తవ్వుతారు. పార లోహంది కావాలి. చరియ ఆగాక మంచు గట్టిపడిపోతుంది. ప్లాస్టిక్ పార విరుగుతుంది. మంచు కింద ఉన్న మనిషి బతికే అవకాశం మొదటి పది పదిహేను నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది. బయటి నుంచి సాయం వచ్చేలోపు ఆ సమయం అయిపోతుంది. పక్కనున్న స్నేహితుడే కాపాడాలి. అంటే మీ దగ్గరున్న ట్రాన్సీవర్ మీ స్నేహితుడికి పనికొస్తుంది. అతని దగ్గరున్నది మీకు పనికొస్తుంది. కాబట్టి గుంపులో ఒక్కరి దగ్గర లేకపోయినా హద్దు దాటకండి.

ఇక్కడా ఒంటికి సరిపోవడమే ముఖ్యం. ట్రాన్సీవర్‌ని జాకెట్ జేబులో వేసుకోకండి. చరియ జాకెట్‌ని ఒంటి మీద నుంచి ఊడదీయగలదు. దానితో వచ్చిన పట్టీలతో లోపలి చొక్కా మీద, ఛాతీకి దగ్గరగా కట్టుకోండి. పైన జాకెట్ వేసుకోండి. సెల్‌ఫోన్‌ని దానికి కనీసం ఒక జానెడు దూరంలో, అంటే 20 సెంటీమీటర్ల అవతల పెట్టండి. వెతికేటప్పుడైతే అర మీటరు దూరం కావాలి. ఫోన్ ట్రాన్సీవర్‌ని గందరగోళపెడుతుంది. ఆ రోజు ఉదయం బ్యాటరీ చూడండి. గొండోలా ఎక్కకముందు ఒకరు తన ట్రాన్సీవర్‌ని వెతికే పద్ధతిలో పెట్టి నిలబడండి. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఆయన ముందు నుంచి నడవండి. ప్రతి ఒక్కరి సంకేతమూ వినిపించాలి. చివర్లో ఆయన సంకేతాన్ని ఇంకొకరు చూడాలి. రెండు నిమిషాల పని.

గాలి సంచి ఉన్న బ్యాగు కొనేవాళ్లకు ఒక్క మాట. చరియ వచ్చినప్పుడు పిడి లాగితే ఆ సంచి ఉబ్బుతుంది. మనిషిని మంచు పైభాగాన ఉంచడానికి సాయపడుతుంది. దానికి కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఒకటి ఉంటుంది. చాలామంది ఇబ్బందిగా ఉందని దాన్ని పెట్టుకోరు. అది లేకపోతే సంచి ఉబ్బినప్పుడు బ్యాగు ఒంటి మీద నుంచి తలవైపు జారిపోతుంది. సంచి పైకి తేలుతుంది, మనిషి కింద ఉండిపోతాడు. ఆ పట్టీ తీసి, కాళ్ల మధ్య నుంచి తెచ్చి, నడుము దగ్గర కొక్కేనికి తగిలించండి. పైకి వెళ్లాక చూద్దాంలే అనుకోకండి. కిందే, గొండోలా వరసలో నిలబడినప్పుడే తగిలించండి. మీ వెనకున్నవాళ్లది తగిలించి ఉందో లేదో కూడా ఒకసారి చూడండి.